తుపాకి కంటే ముందు తూటా

సైన్యం తన సిపాయికి కొత్త తుపాకి కొనాలంటే ఏం చేస్తుంది? నాలుగు రకాలు తెప్పించి, కాల్చి చూసి, బాగున్నదాన్ని కొంటుందని మనలో చాలామంది అనుకుంటాం. చరిత్ర తిరగేస్తే సంగతి అంత తేలిక కాదని తెలుస్తుంది. చాలా సందర్భాలలో తుపాకి రాకముందే తూటా నిర్ణయమైపోయి ఉంటుంది. ఆ తూటాను నిర్ణయించేది కూడా ఎప్పుడూ యుద్ధభూమే కాదు. గోదాములో పేరుకున్న పాత నిల్వ, మిత్రదేశం పట్టుదల, ఖజానా పరిస్థితి, ఏ కర్మాగారం ఏది తయారుచేయగలదన్న లెక్క, ఇవన్నీ కలిసి నిర్ణయిస్తాయి. జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపిన మనబోటివాళ్లకు ఈ కథ ఇతరులకంటే బాగా అర్థమవుతుందనిపించి, ఈ ప్రత్యేక సంచికకు రాస్తున్నాను.

ముందుగా ఒక చిన్న వివరణ. తూటా అంటే నాలుగు వస్తువుల కూర్పు. ఒక ఇత్తడి గొట్టం, దాని అడుగున దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే చిన్న టోపీ, లోపల మందు, మూతి దగ్గర బిగించిన గుండు. పత్రికల్లో 7.62×51 అని చూస్తుంటాం. అందులో మొదటి అంకె గుండు మందాన్ని, రెండో అంకె ఇత్తడి గొట్టం పొడవును మిల్లీమీటర్లలో చెబుతుంది. ఈ రెండు అంకెల మీద ఒకసారి ఆమోదం పడితే, తుపాకి గొట్టాలు, మ్యాగజైన్లు, మరమగ్గాల్లాంటి తయారీ యంత్రాలు, గోదాములు, శిక్షణ అన్నీ వాటికి కట్టుబడిపోతాయి. రైల్వేలో గేజి వంటిది ఇది. మీటర్ గేజి వేసిన తర్వాత బ్రాడ్ గేజికి మారడానికి ఎంత కాలం, ఎంత డబ్బు పట్టిందో మన తరం కళ్లారా చూసింది కదా.

కొవ్వు పూసిన కాగితం

తూటా విషయంలో వేసిన తప్పటడుగు ఒక సామ్రాజ్యాన్నే కుదిపిన ఉదాహరణ మన దేశంలోనే ఉంది. ఈస్టిండియా కంపెనీ తొలినాటి సిపాయిలలో తెలుగు ప్రాంతాలవారు ఉండటంతో ఉత్తరాదిన సిపాయికి ‘తిలంగా’ అన్న పేరు స్థిరపడింది. 1857 నాటికి ఏ ప్రాంతం సిపాయినైనా ఢిల్లీ జనం ఆ పేరుతోనే పిలిచేవారు. ఆ సిపాయిల చేతుల్లో అంతవరకూ ఉన్నది గొట్టం లోపల నున్నగా ఉండే బ్రౌన్ బెస్ తుపాకి. నూరు గజాలు దాటితే దాని గురిని నమ్మలేం. దాని స్థానంలో కంపెనీ 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిలును తెచ్చింది. దాని గొట్టం లోపల మరచుట్ల వంటి గాళ్లు ఉంటాయి. గుండు వాటిని ఒరుసుకుంటూ గిర్రున తిరిగి బయటికి వస్తుంది కనుక చాలా దూరం సూటిగా పోతుంది. అయితే మూతి నుంచి గుండును లోపలికి దించాలంటే జిడ్డు కావాలి. అందుకని తూటా కాగితానికి కొవ్వు పూశారు. ఆ కాగితాన్ని పళ్లతో కొరికి, మందును గొట్టంలో పోయాలని కవాతు నియమం.

అది ఆవు కొవ్వు, పంది కొవ్వు అన్న మాట 1857 జనవరిలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో పుట్టి ఊరూరా పాకింది. అధికారులు వెంటనే సవరణ ఉత్తర్వులు ఇచ్చారు. జిడ్డు లేని తూటాలే ఇస్తాం, మీకు ఇష్టమైన నూనె, మైనం మీరే రాసుకోండి అన్నారు. నోటితో కొరక్కుండా చేత్తో చింపుకోవచ్చునన్నారు. కాని అప్పటికే నమ్మకం పోయింది. ఏప్రిల్ 24న మీరట్‌లో 85 మంది రౌతులు తూటాలు ముట్టబోమన్నారు. ఆ రోజు వారికి ఇవ్వజూపినవి పాత రకం తూటాలే! మే 9న వారందరికీ సంకెళ్లు వేశారు. మే 10న మీరట్ భగ్గుమంది.

1857కు కారణాలు అనేకం ఉన్నాయి, తూటా ఒక్కటే కాదు. కాని ఆ రైఫిలును ఎంపిక చేసినవారు దూరం చూశారు, గురి చూశారు, ఖర్చు చూశారు. తూటాను నోటితో కొరకవలసిన మనిషి ఎవరన్నది మాత్రం చూడలేదు. ఆ తర్వాత చాలాకాలం భారతీయ సిపాయిలకు తెల్ల సిపాయిల కంటే ఒక తరం పాత ఆయుధాలే ఇస్తూ వచ్చారు. ఎవరికి ఏ తుపాకి ఇవ్వాలన్నది నమ్మకానికి సంబంధించిన ప్రశ్న కూడా అయింది.

త్రీ నాట్ త్రీ

ఇక మనందరికీ తెలిసిన తుపాకి. పోలీసుస్టేషన్ల ముందు, ట్రెజరీల గుమ్మాల్లో, ఎన్నికల బూతుల దగ్గర మనం చూసిన త్రీ నాట్ త్రీ. అంగుళంలో వెయ్యింట 303 వంతుల మందం గల ఆ తూటాను బ్రిటిష్ సైన్యం 1880ల చివర్లో స్వీకరించింది. గుండు సన్నబడింది, వేగం పెరిగింది. కాని 1895లో చిత్రాల్ పోరాటం తర్వాత వాయవ్య సరిహద్దు సేనల నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. గుండు శత్రువు శరీరంలోంచి దూసుకుపోతోందే తప్ప అతన్ని ఆపడంలేదని. దానికి విరుగుడుగా డమ్‌డమ్ ఆయుధాగారం అధికారి బెర్టీ క్లే, గుండు కొసన సీసం బయటపడేలా మార్చాడు. తగలగానే విచ్చుకుని ఘోరమైన గాయం చేసే ఆ గుండుకు ఊరి పేరే వచ్చింది. 1899లో హేగ్ సమావేశం అటువంటి గుళ్లను యుద్ధంలో నిషేధిస్తూ ప్రకటన చేసింది. బ్రిటన్ మొదట ఒప్పుకోలేదు, 1907లో ఒప్పుకుంది. కాబట్టి తూటా ఎంపికలో చట్టానికీ ఒక కుర్చీ ఉంది.

1963లో కాలేజీల్లో ఎన్.సి.సి. తప్పనిసరి అయినప్పుడు మా తరంవాళ్లం ఈ తుపాకిని భుజాన మోశాం. పేలినప్పుడు అది వెనక్కి తన్నే తాపుకు పలచని కుర్రాళ్ల భుజాలు రెండు రోజులు నొప్పెట్టేవి. ఆ తాపులోనే ఈ చరిత్ర మొత్తంలోని వాదం దాగి ఉంది. బలమైన తూటా దూరం పోతుంది, గట్టిగా తగులుతుంది. కాని బరువెక్కువ, తాపు ఎక్కువ, వరసగా కాలిస్తే గురి నిలవదు. చిన్న తూటా తేలిక, అదుపులో ఉంటుంది, దూరం మాత్రం తక్కువ. 7.62×51 తూటా ఒక్కొక్కటి సుమారు 24 గ్రాములు, 5.56×45 తూటా సుమారు 12 గ్రాములు. అంటే అదే బరువుకు సిపాయి రెట్టింపు తూటాలు మోసుకుపోగలడు. కొండ ఎక్కే జవానుకు ఇది ప్రాణంతో సమానమైన లెక్క.

గోదాము తీర్పు

ఈ వాదాన్ని తేల్చడానికి అమెరికా సైన్యం 1920ల చివర్లో ఎన్నో పరీక్షలు చేసింది. .276 అంగుళాల చిన్న తూటా మేలని, దాన్నే కొత్త గరాండ్ రైఫిలుకు వాడాలని నిపుణులు సిఫారసు చేశారు. 1932లో ఫైలు సైన్యాధిపతి డగ్లస్ మెకార్థర్ ముందుకు వెళ్లింది. ఆయన కాదన్నాడు. మొదటి ప్రపంచయుద్ధం నాటి పాత .30 తూటాలు కోట్ల కొద్దీ నిల్వ ఉన్నాయి, ఆర్థిక మాంద్యంలో దేశం అల్లాడుతోంది, ఉన్నవాటినే వాడుకునే తుపాకి చేయమన్నాడు. స్టాకు రిజిస్టరు చూసిన ఏ గుమస్తా అయినా ఆ మాటే అనేవాడు. దాన్ని తప్పనడం కూడా కష్టం. 1936లో గరాండ్ పెద్ద తూటాతోనే వచ్చింది, రెండో ప్రపంచయుద్ధంలో మంచి పేరే తెచ్చుకుంది.

ఆ యుద్ధంలోనే జర్మన్లు మరో సంగతి గ్రహించారు. కాల్పులు ఎక్కువగా మూడు నాలుగు వందల మీటర్ల లోపలే జరుగుతున్నాయి, వెయ్యి మీటర్లు పోయే గుండును మోయడం దండగ. వాళ్లు పొట్టి తూటా చేశారు. రష్యన్లూ అదే దారిలో 7.62×39 తూటా చేసి, దానికి కలష్నికోవ్ రైఫిలును 1949లో స్వీకరించారు. బ్రిటన్ కూడా 7 మి.మీ. మధ్యరకం తూటాను, దానికి తగిన కొత్త రైఫిలును తయారుచేసి 1951లో స్వీకరిస్తున్నట్టు ప్రకటించింది. ఆ ఏడాది చివర్లో ప్రభుత్వం మారింది. మిత్రదేశాలన్నిటికీ ఒకే తూటా ఉండాలని, అది పెద్దదే కావాలని అమెరికా పట్టుబట్టింది. కొత్త ప్రధాని చర్చిల్ బ్రిటిష్ రైఫిలును పక్కన పెట్టించాడు. నాటో దేశాలకు 7.62×51 ఖాయమైంది. విచిత్రం ఏమిటంటే, పది పన్నెండేళ్లు తిరక్కుండానే అమెరికాయే దాన్ని వదిలి అంతకంటే చిన్నదైన 5.56 తూటాకు మళ్లింది. 1980లో నాటో కూడా దానికే వచ్చింది.

మారిన మందు

అమెరికా 5.56కు మళ్లిన తీరు ప్రభుత్వోద్యోగులందరూ తెలుసుకోదగినది. యూజీన్ స్టోనర్ రూపొందించిన తేలికైన రైఫిలు అది. 1963లో 1,04,000 రైఫిళ్లకు ఆర్డరు ఇచ్చారు. తర్వాత దానికి ఎం16 అన్న పేరు స్థిరపడింది. రూపకర్త పరీక్షలు చేసింది ఒక రకం మందుతో. అది చిన్న పుల్లల్లా ఉండే మందు. సైన్యం కోరిన వేగం, అనుమతించిన ఒత్తిడి, రెండూ కలిపి సాధించడం కష్టమని మందు కంపెనీ చెప్పడంతో, 1964లో గుళికల రూపంలో ఉండే మరో మందును ఆమోదించారు. కాగితం మీద అది చిన్న మార్పు. వేగం సరిపోయింది, ఒత్తిడి సరిపోయింది, సంతకాలు పడ్డాయి.

రైఫిలు లోపల జరిగింది వేరు. కొత్త మందుతో యంత్రం నిర్ణీత పరిమితిని మించిన జోరుతో ఆడసాగింది, మసి ఎక్కువ పట్టసాగింది. పేలిన ఇత్తడి గొట్టం గది గోడను వదలకముందే కొక్కెం దాన్ని లాగేది. గొట్టం లోపలే ఇరుక్కుపోయేది. అప్పుడు సిపాయి రైఫిలు మూతిలోంచి కడ్డీ దూర్చి దాన్ని బయటికి పొడవాలి, శత్రువు ఎదుట ఉండగా. దీనికితోడు తూటా కూర్చునే గదికి క్రోమియం పూత వేయలేదు. వియత్నాం తేమలో అది తుప్పు పట్టింది. ఈ రైఫిలుకు శుభ్రం చేసే పని అంతగా ఉండదన్న మాట ప్రచారంలోకి రావడంతో శుభ్రం చేసే సామగ్రి కూడా చాలామందికి అందలేదు.

మరో సంగతి మన కార్యాలయాలను గుర్తుకు తెస్తుంది. కొత్త మందుతో కాలిస్తే చాలా రైఫిళ్లు వేగ పరిమితి పరీక్షలో నిలవడంలేదని తయారీదారు మొరపెట్టుకున్నాడు. సరే, పరీక్షకు పాత మందు తూటాలే వాడుకోమని అనుమతి ఇచ్చారు. అంటే కర్మాగారంలో పాత మందుతో పరీక్ష, యుద్ధభూమికి కొత్త మందు సరఫరా! రిజిస్టరులో అన్ని రైఫిళ్లూ పాసయ్యాయి.

1967లో సిపాయిలు ఇళ్లకు రాసిన ఉత్తరాలు పత్రికలకూ, పార్లమెంటు సభ్యులకూ చేరాయి. ఇకార్డ్ అనే సభ్యుని అధ్యక్షతన విచారణ సంఘం ఏర్పడింది. సిపాయిలు సరిగా శుభ్రం చేసుకోవడంలేదని అంతవరకూ వినిపించిన సమాధానాన్ని ఆ సంఘం అంగీకరించలేదు. లోపాలను సరిదిద్దగల అధికారం ఉండీ ఊరుకున్న అధికారుల తీరు నేరపూరిత నిర్లక్ష్యానికి దగ్గరగా ఉందని ఆ అక్టోబరులో నివేదిక ఇచ్చింది. తర్వాత క్రోమియం పూత వేశారు, యంత్రం జోరును తగ్గించే భాగం మార్చారు, శుభ్రం చేసే సామగ్రి పంపారు, బొమ్మల పుస్తకం వేసి మరీ శిక్షణ ఇచ్చారు. అదే రైఫిలు ఆ తర్వాత దశాబ్దాలపాటు నమ్మకంగా పనిచేసింది. తప్పు ఒక్క రైఫిలుదీ కాదు, ఒక్క మందుదీ కాదు. ఆ రెండిటినీ వేరువేరు బల్లల మీద, వేరువేరు ఫైళ్లలో ఆమోదించడంలోనే ఉంది.

మన సైన్యం

1962లో చైనా సేనలు తమంతట తామే తిరిగి లోడయ్యే రైఫిళ్లతో దిగినప్పుడు, మన జవాన్లు ప్రతి తూటాకూ చేత్తో బోల్టు లాగవలసిన త్రీ నాట్ త్రీలతో ఎదుర్కొన్నారు. ఆ దశాబ్దంలోనే ఇషాపూర్ కర్మాగారంలో 7.62×51 తూటా వాడే సెల్ఫ్ లోడింగ్ రైఫిలు తయారీ మొదలైంది. 1971 యుద్ధంలో దానికి మంచి పేరు వచ్చింది. కాని 1987 నుంచి శ్రీలంకలో మన శాంతిసేన దట్టమైన తోటల్లో, దగ్గర దూరాల్లో పోరాడవలసి వచ్చినప్పుడు, ఎదుటివారి కలష్నికోవ్‌ల ముందు ఆ పొడవాటి, బరువైన రైఫిలు ఇబ్బంది పెట్టింది.

అప్పటికే పుణేలోని మన రక్షణ పరిశోధకులు 5.56 తూటాతో ఇన్సాస్ రైఫిలును రూపొందిస్తున్నారు. రైఫిలు సిద్ధమయ్యే సమయానికి దేశంలో దానికి సరిపడా తూటాల తయారీ అందుకోలేదు. ఇజ్రాయెల్ నుంచి పెద్దయెత్తున తెప్పించవలసి వచ్చింది. 1998 గణతంత్ర దినోత్సవ కవాతులో ఇన్సాస్ కనిపించింది. మరుసటి ఏడాదే కార్గిల్. ఆ చలిలో ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగులుతున్నాయనీ, రైఫిలు మొరాయిస్తోందనీ ఫిర్యాదులు వచ్చాయి. తర్వాతి నమూనాలలో మార్పులు చేశారు. 2005లో నేపాల్‌లో మావోయిస్టులతో పోరులో 43 మంది సైనికులు మరణించినప్పుడు, ఈ రైఫిళ్లు సరిగా పనిచేయలేదని అక్కడి సైనిక ప్రతినిధి అన్నారు. వాడకంలోనే లోపం ఉందని మన రాయబార కార్యాలయం బదులిచ్చింది. వియత్నాం నాటి వాదమే మళ్లీ వినిపించింది. అయినా ఒకటి చెప్పాలి. మన దేశంలో రూపొంది లక్షలాది జవాన్ల చేతికి వెళ్లిన తొలి ఆధునిక రైఫిలు అది. తొలి ప్రయత్నపు తప్పులు దానికి ఉన్నాయి, తొలి ప్రయత్నపు గౌరవమూ ఉంది.

మన దగ్గర ఎంపిక ప్రక్రియ ఎలా సాగుతుందో కూడా చూద్దాం. ముందు సైన్యం తనకు కావలసిన లక్షణాల జాబితా రాస్తుంది. దాని మీద టెండరు పిలుస్తారు. వచ్చిన నమూనాలను ఇసుకలో, బురదలో, నీళ్లలో, ఎడారి ఎండలో, మంచుకొండల మీద పరీక్షిస్తారు. నెగ్గినవాటిలో తక్కువ ధర కోట్ చేసినవారితో బేరం సాగుతుంది. మొదటి జాబితాలోనే పొరపాటు దొర్లితే తర్వాత ఎంత నిజాయితీగా పనిచేసినా లాభంలేదు. 2011లో ఒకే రైఫిలుకు గొట్టం మార్చి 5.56, 7.62×39 తూటాలు రెండూ కాల్చగలగాలని షరతు పెట్టి 66,000 రైఫిళ్లకు టెండరు పిలిచారు. కాగితం మీద ఎంతో తెలివైన ఆలోచన అది. నాలుగేళ్ల తర్వాత, 2015లో ఆ టెండరును రద్దు చేశారు. ఆ నాలుగేళ్లూ జవాను పాత రైఫిలుతోనే కాపలా కాశాడు.

చివరకు 2019 ఫిబ్రవరిలో సరిహద్దు దళాల కోసం 7.62×51 తూటా కాల్చే 72,400 సిగ్ రైఫిళ్లకు అమెరికా కంపెనీతో ఒప్పందం జరిగింది. అదే ఏడాది మార్చిలో అమేఠీ జిల్లా కోర్వాలో రష్యాతో కలిసి ఏకే 203 కర్మాగారం ప్రారంభించారు. 6,01,427 రైఫిళ్ల ఒప్పందం మీద సంతకాలు మాత్రం 2021 డిసెంబరులో జరిగాయి. దానిది 7.62×39 తూటా. అంటే మన సైన్యం పెద్ద తూటా నుంచి చిన్నదానికి, అక్కడి నుంచి పెద్దదానికీ, మధ్యరకానికీ వచ్చింది. అమెరికా కూడా 2022లో 5.56ను దాటి 6.8 మి.మీ. తూటా వాడే రైఫిలును ఎంపిక చేసింది. ఈ వాదానికి శాశ్వతమైన తీర్పు లేదు. కొండ మీద శత్రువు 600 మీటర్ల దూరంలో ఉంటే ఒక తూటా మేలు, గదిలో గోడ పక్కన ఉంటే మరొకటి మేలు.

అయితే ఒకే సైన్యంలో మూడు రకాల తూటాలు ఉన్నప్పుడు భారం ఎవరి మీద పడుతుంది? ఏ పెట్టె ఏ పోస్టుకు వెళ్లాలో చూసే స్టోర్సు ఉద్యోగి మీద. 7.62 అన్న అంకె రెండు పెట్టెల మీదా ఉంటుంది. 51, 39 అన్న చివరి అంకెల్లోనే తేడా అంతా. ఒకటి మరొకదాని రైఫిల్లో పట్టదు. హెలికాప్టరు మోసుకెళ్లిన పెట్టెలో తప్పు తూటాలుంటే, ఎంత గొప్ప రైఫిలైనా ఆ రాత్రికి అది ఇనుప కర్రే.

మన సంఘ సభ్యుల ఇళ్లలో సైన్యంలో పనిచేస్తున్న బిడ్డలు, మనుమలు ఉన్నవారు ఉన్నారు. వారికోసమైనా ఈ చరిత్ర నుంచి నేను గ్రహించిన నాలుగు మాటలు చెబుతాను. తుపాకినీ, తూటానూ కలిపి ఒకే ఫైల్లో పరిశీలించాలి. పరీక్షించిన తూటానే సరఫరా చేయాలి. ఆమోదం తర్వాత చేసిన ప్రతి చిన్న మార్పునూ కొత్త ఎంపికగానే భావించి మళ్లీ పరీక్షించాలి. అన్నిటికంటే ముఖ్యం, పరీక్షల నివేదిక పైన పెద్ద అధికారుల సంతకాలతోపాటు, దాన్ని చలిలో, వానలో నెలల తరబడి మోసిన సామాన్య జవాను రాసిన నాలుగు పంక్తులు కూడా జతపరచాలి. 1857లో ఆ మనిషిని ఎవరూ అడగలేదు. 1967లో అతను రాసిన ఉత్తరం ఇంటికి చేరాక గాని ఎవరూ వినలేదు. అతని మాట ఫైలు ముగిశాక కాదు, ఫైలు తెరిచినప్పుడే అందులో ఉండాలి.